బ్రిటిషు నాణేల సేకరణ

బ్రిటిషు నాణేల సేకరణ అనగా ఇంగ్లాండు, స్కాట్లాండు, అటుపిమ్మట ఏర్పడిన యునైటెడ్ కింగ్‌డమ్ పాలకుల పేరిట ముద్రింపబడిన నాణేలను వెదకి, గుర్తించి, విలువ కట్టి, చెడిపోకుండా దాచుకొనే అభిరుచి. క్రీస్తు పూర్వపు కెల్టు తెగల నాణేలు మొదలుకొని నేటి మూడవ చార్లెస్ నాణేల వరకు దీని పరిధిలోనివే. అయితే అభిరుచి కొద్దీ సేకరించేవారిలో ఎక్కువమంది 1816 నాటి గొప్ప పునర్ముద్రణ తరువాతి నాణేలతోనే సరిపెట్టుకొంటారు. అవి దొరకడం తేలిక, వాటి గురించిన సమాచారమూ విస్తారంగా ఉన్నది.

ఈ అభిరుచి గురించి ప్రచారంలో ఉన్న అపోహలలో ముఖ్యమైనది, నాణెం ఎంత పాతదైతే అంత విలువైనదని అనుకోవడం. నాలుగవ శతాబ్దపు రోమను కంచు నాణేలు బ్రిటను నేలలో లెక్కకు మించి దొరకుతూనే ఉన్నాయి. అరిగిపోయిన అటువంటి నాణెం కొద్ది పౌండ్లకే వస్తుంది. 2009 లో విడుదలైన క్యూ గార్డెన్స్ 50 పెన్సుల నాణేనికి మాత్రం అంతకు ఎన్నో రెట్లు చెల్లించవలసి ఉంటుంది. విలువను నిర్ణయించేది వయస్సు కాదు. ఎన్ని మిగిలాయి, ఎంత చక్కగా మిగిలాయి, ఎంతమంది కోరుకొంటున్నారు అన్న మూడు విషయాలే నిర్ణయిస్తాయి. వీటిలో రెండవది మాత్రమే నాణెం యజమాని చేతిలో ఉన్నది. దానిని పాడుచేసేది కూడా చాలాసార్లు అతడే.

పాత లెక్క, కొత్త లెక్క

1971 ఫిబ్రవరి 15 వరకు బ్రిటనులో పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, అంటే పౌండుకు 240 పెన్నీలు. పెన్నీలో నాలుగవ వంతు ఫార్దింగు. రెండు షిల్లింగులు ఒక ఫ్లోరిను, రెండున్నర షిల్లింగులు ఒక హాఫ్ క్రౌను, ఐదు షిల్లింగులు ఒక క్రౌను. 1663 లో మొదలైన బంగారు గినీ విలువ తొలినాళ్ళలో మారుతూ వచ్చి 1717 లో 21 షిల్లింగుల వద్ద స్థిరపడింది. 1817 లో దాని స్థానంలోకి 20 షిల్లింగుల సావరిను వచ్చింది. రూపాయి, అణా, పైసల లెక్క ఎరిగిన పాతతరం తెలుగువారికి ఇది అంత వింతగా తోచదు.

పైన చెప్పిన తేదీన పౌండుకు 100 పెన్నీల దశాంశ పద్ధతి అమలులోకి వచ్చింది. ప్రజలకు అలవాటు కావడానికి 5, 10 పెన్సుల నాణేలను 1968 లోను, ఏడు అంచుల 50 పెన్సుల నాణేన్ని 1969 లోను ముందుగానే విడుదల చేశారు. తరువాత 1982 లో 20 పెన్సులు, 1983 లో గుండ్రని పౌండు నాణెం, 1998 లో రెండు లోహాల రెండు పౌండ్ల నాణెం వచ్చాయి. గుండ్రని పౌండుకు నకిలీలు పెరిగిపోవడంతో 2017 మార్చి 28 న పన్నెండు అంచుల పౌండును ప్రవేశపెట్టి, అదే ఏడాది అక్టోబరు 15 తో పాతదాని చెలామణీని ముగించారు.

నాణెం బొమ్మ వైపున పాలకుని ముఖం ఉంటుంది. రెండవ చార్లెస్ కాలం నుండి ఒక రాజు ఎడమకు చూస్తే తరువాతి రాజు కుడికి చూడడం ఆనవాయితీ. ఎనిమిదవ ఎడ్వర్డు తన తండ్రివలెనే ఎడమకు చూస్తానని పట్టుబట్టి ఈ ఆనవాయితీని మార్చబోయాడు. 1936 డిసెంబరులో ఆయన సింహాసనాన్ని వదలుకొనడంతో ఆ నాణేలు విడుదలే కాలేదు. తరువాత వచ్చిన ఆరవ జార్జి ఎడమకే చూస్తాడు, మధ్యలో ఎడ్వర్డు కుడికి చూసినట్లే లెక్క వేశారన్నమాట. ఎడ్వర్డు పేరిట ప్రయోగాత్మకంగా ముద్రించిన కొద్ది నాణేలు సేకరణకర్తలకు అందని ద్రాక్షలు. వాటిలో ఒక సావరిను 2020 లో 10 లక్షల పౌండ్లకు అమ్ముడైంది.

సేకరించే తీరులు

సేకరణకు నియమమంటూ ఏదీ లేదు. కొందరు ప్రతి పాలకుని కాలం నుండి ఒక్కొక్క నాణెం చొప్పున సమకూర్చుకొంటారు. కొందరు ఒకే రకాన్ని పట్టుకొని సంవత్సరాల వారీగా వరుస పూర్తిచేస్తారు. ఈ రెండవ తీరులో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది కంచు పెన్నీల వరుస. ఇది 1860 లో మొదలైంది. 1971 వరకు విక్టోరియా కాలపు పెన్నీలు కూడా చెలామణీలో ఉండేవి. కాబట్టి 1950లు, 60లలో బ్రిటనులోని పిల్లలు దుకాణంలో ఇచ్చిన చిల్లరలోనే నూరేళ్ళనాటి పెన్నీని వెదకుకొనే వీలుండేది. రంధ్రాలు గల అట్ట ఆల్బములో ఒక్కొక్క సంవత్సరాన్ని నింపుకొంటూ పోయేవారు.

ఈ వరుసలో గమనించవలసిన చిన్న గుర్తులు కొన్ని ఉన్నాయి. 1912, 1918, 1919 సంవత్సరాల పెన్నీలలో కొన్నిటిపై, తేదీకి ఎడమ ప్రక్కన హెచ్ అనే ఇంగ్లీషు అక్షరం కనబడుతుంది. అవి బర్మింగ్‌హాములోని హీటన్ టంకశాలలో ముద్రింపబడినవి. 1918, 1919 లలో కె.ఎన్. అనే గుర్తు ఉన్నవి అదే నగరపు కింగ్స్ నార్టన్ సంస్థవి. భూతద్దం లేకుండా చూస్తే రెండూ మామూలు పెన్నీలే. కె.ఎన్. పెన్నీ కాస్త మంచి స్థితిలో ఉంటే మామూలు పెన్నీ ధరకు ఎన్నో రెట్లు పలుకుతుంది.

అన్నిటికన్నా ప్రసిద్ధి పొందిన పెన్నీ 1933 నాటిది. అంతకుముందు ముద్రించినవే బ్యాంకులలో పేరుకుపోయినందున ఆ ఏడాది చెలామణీకోసం పెన్నీలు ముద్రించలేదు. శంకుస్థాపనలలో పునాదిరాళ్ళ క్రింద ఉంచడానికి, మ్యూజియములకు ఇవ్వడానికి మాత్రం కొన్నిటిని తయారుచేశారు. ఇప్పటికి తెలిసినవి ఏడెనిమిదికి మించవు. ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. లీడ్స్ నగరంలో ఒక చర్చి పునాదిరాయి క్రింద ఉన్నదానిని 1970 లో దొంగలు తవ్వి ఎత్తుకుపోయారు. ఈ కథ అందరికీ తెలిసిపోవడం వలన 1932, 1935 వంటి పెన్నీలపై చివరి అంకెను చెక్కి 1933 గా మార్చిన మోసాలు కూడా పుట్టుకొచ్చాయి.

నేటి బ్రిటనులో కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చేవారు ఎక్కువగా 50 పెన్సుల నాణేలతో మొదలుపెడతారు. వాటి బొరుసు వైపున తరచుగా కొత్త బొమ్మలు వేయడం దీనికి కారణం. చైనా గోపురం బొమ్మ ఉన్న 2009 నాటి క్యూ గార్డెన్స్ నాణేలు చెలామణీకి 2,10,000 మాత్రమే విడుదలయ్యాయి. చాలాకాలం అన్నిటికన్నా అరుదైనదిగా పేరు పొందింది ఇదే. 2023 తేదీ గల అట్లాంటిక్ సాల్మన్ చేప నాణెం 2,00,000 మాత్రమే విడుదలైనట్లు తెలియడంతో ఆ స్థానం దానికి పోయింది. క్యూ గార్డెన్స్ బొమ్మను 2019 లో సేకరణకర్తల కోసం 2019 తేదీతో మళ్ళీ ముద్రించారు. కొనేటప్పుడు తేదీ చూడనివారు ఈ రెంటినీ ఒకటిగా పొరబడే అవకాశం ఉన్నది.

పొరబాటు ముద్రణలు మరొక శాఖ. 2008 లో నాణేల బొరుసు బొమ్మలు మారినప్పుడు, 20 పెన్సుల నాణెంపై తేదీని బొరుసు నుండి బొమ్మ వైపుకు మార్చారు. కొన్నిటికి పాత బొమ్మ అచ్చును, కొత్త బొరుసు అచ్చును కలిపి వాడడంతో ఏ వైపునా తేదీ లేని నాణేలు బయటికి వచ్చాయి. 1971 నుండి 1981 వరకు రెండు పెన్సుల నాణెంపై "న్యూ పెన్స్" అని ఉండేది, తరువాత "టూ పెన్స్" అయింది. 1983 నాటి సేకరణ పెట్టెలలో కొన్నిటికి పాత అక్షరాలతోనే నాణెం వెళ్ళింది. 1983 తేదీతో "న్యూ పెన్స్" అని ఉంటేనే అది అరుదు. 1971 నాటి "న్యూ పెన్స్" కోట్లలో ఉన్నది. ఇంటర్నెట్టులో దానిని వేల పౌండ్ల అరుదైన నాణెంగా అమ్మజూపేవారికి మాత్రం కొదవ లేదు.

లోహం

వెండి నాణేలు 1919 వరకు 92.5 శాతం వెండి. మొదటి ప్రపంచయుద్ధం తరువాత వెండి ధర పెరగడంతో 1920 నుండి 50 శాతానికి తగ్గించారు. 1947 నుండి వెండిని పూర్తిగా తీసివేసి రాగి, నికెలుల మిశ్రమాన్ని వాడారు. కనుక "పాత వెండి షిల్లింగు" అనగానే ముందుగా చూడవలసినది తేదీ. 14.14 గ్రాముల హాఫ్ క్రౌనులో 1919 కి ముందైతే 13 గ్రాములకు పైగా వెండి, 1920-46 మధ్యదైతే సుమారు 7 గ్రాములు, 1947 తరువాతిదైతే ఏమీ ఉండదు. ఈస్టరుకు ముందటి గురువారం రాజు స్వయంగా దానమిచ్చే మాండీ నాణేలు మాత్రం నేటికీ వెండివే.

చిన్న నాణేలకు 1860 వరకు రాగి, ఆపైన కంచు వాడారు. 1992 నుండి ఒకటి, రెండు పెన్సుల నాణేలు రాగి పూత పూసిన ఉక్కుతో తయారవుతున్నాయి. అయస్కాంతానికి అంటుకొంటే కొత్తది, లేకపోతే పాతది అని స్థూలంగా చెప్పవచ్చును.

సావరిను 22 క్యారట్ల బంగారం, బరువు 7.988 గ్రాములు, అందులో మేలిమి బంగారం 7.32 గ్రాములు. 1817 నుండి ఈ ప్రమాణం మారలేదు. దీని బొరుసు వైపున సెయింట్ జార్జి డ్రాగనును వధించే ప్రసిద్ధ చిత్రాన్ని చెక్కినవాడు ఇటలీకి చెందిన బెనెడెట్టో పిస్ట్రూచి.

విలువ కట్టడం

బ్రిటిషు నాణేల ధరలకు చాలామంది ప్రమాణంగా తీసుకొనేది స్పింక్ సంస్థ ఏటా ప్రచురించే పట్టిక. దానిలోని వరుస సంఖ్యలనే వర్తకులు, వేలం సంస్థలు వాడుతాయి. అయితే పట్టికలోని ధర నాణేన్ని వర్తకుని వద్ద కొనేటప్పటిది. అదే నాణేన్ని వర్తకునికి అమ్మబోతే అంతకన్నా బాగా తక్కువే వస్తుంది. ఇది మోసం కాదు, దుకాణం అద్దె, లాభం, నాణెం ఎప్పటికో గాని అమ్ముడుపోకపోవడం అన్నీ ఆ తేడాలో ఉన్నాయి. ఇంటర్నెట్టులో అమ్మజూపే ధరలకన్నా, వేలంలో నిజంగా అమ్ముడైన ధరలే నమ్మదగినవి.

ముద్రణ సంఖ్య ఒక్కటే చాలదు. 1965 లో చర్చిల్ స్మారకంగా వచ్చిన క్రౌన్లు సుమారు 1 కోటి 96 లక్షలు. తెలుగువారి ఇళ్ళతో సహా ప్రపంచమంతటా ఎవరో ఒకరి పెట్టెలో ఇది కనబడుతుంది. జ్ఞాపకంగా విలువైనదే గాని, అమ్మితే వచ్చేది స్వల్పం. దీనికి భిన్నంగా 1905 నాటి హాఫ్ క్రౌన్లు 1,66,000 మాత్రమే. అవి స్మారక నాణేలు కావు కాబట్టి ఎవరూ దాచలేదు, చెలామణీలో అరిగిపోయాయి. మంచి స్థితిలో ఉన్నది దొరికితే అదృష్టమే.

దాచడం వలన అరుదుతనం ఎలా పోతుందో చెప్పడానికి 1887 నాటి ఆరు పెన్సుల నాణెం మంచి ఉదాహరణ. ఆ ఏడాది విక్టోరియా పాలన స్వర్ణోత్సవం సందర్భంగా వచ్చిన దాని నమూనా బంగారు అర సావరినును పోలి ఉండేది. పైగా దానిపై విలువ వ్రాసి ఉండలేదు. కొందరు దానికి బంగారు పూత పూసి పది షిల్లింగులకు మార్చడం మొదలుపెట్టారు. ప్రభుత్వం ఆ నమూనాను వెంటనే ఉపసంహరించింది. ఉపసంహరించారని తెలియగానే జనం దానిని దాచుకొన్నారు. ఫలితంగా నేడు అది చక్కటి స్థితిలో, చవకగా దొరకుతుంది.

స్థితిని చెప్పడానికి వాడే పదాలు కొత్తవారిని తికమక పెడతాయి. "గుడ్" అంటే మంచిదని కాదు, ముఖపు గీతలు దాదాపు చెరిగిపోయిందని. "ఫైన్" అంటే బాగా వాడకంలో అరిగినా ముఖ్యమైన వివరాలు కనబడుతున్నవని. "వెరీ ఫైన్" లో జుట్టు పాయలు, కిరీటపు నగిషీ చాలావరకు నిలిచి ఉంటాయి. "ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్" లో ఎత్తైన భాగాలపై మాత్రమే స్వల్పమైన అరుగుదల. ఆపైన "అన్‌సర్క్యులేటెడ్", అంటే చెలామణీ ఎరుగనిది. "ప్రూఫ్" అనేది స్థితి కాదు, ప్రత్యేకంగా మెరుగుపెట్టిన అచ్చులతో ముద్రించే పద్ధతి. ప్రూఫ్ నాణెం కూడా జేబులో వేసుకొంటే అరుగుతుంది. అమెరికాలో 1 నుండి 70 వరకు అంకెలతో కొలుస్తారు. అక్కడి వర్ణనను ఇక్కడి పదాలకు నేరుగా అన్వయించరాదు, బ్రిటిషు వర్తకుల లెక్క సాధారణంగా కఠినంగా ఉంటుంది.

ఒకే సంవత్సరం, ఒకే రకపు నాణెం అరిగి ఉంటే లోహపు ధరకు, అరగకుండా ఉంటే దానికి పదుల రెట్లకు పోతుంది. స్థితిని చెరపకుండా కాపాడడమే సేకరణలో సగం పని కావడానికి కారణం ఇదే.

నకిలీలు

సావరినుకు నకిలీలు ఎక్కువ. 1950లలో మధ్యప్రాచ్యంలో, ముఖ్యంగా బీరూటులో, అనుమతి లేకుండా సావరిన్లను ముద్రించేవారు. వాటిలో కొన్నిటిలో బంగారం సరిగానే ఉండేది. సావరినుకు లోహపు ధరకన్నా ఎక్కువ పలకడమే ఆ వ్యాపారానికి ఆధారం. దీనిని అరికట్టడానికే రాయల్ మింట్ 1957 నుండి సావరిన్లను మళ్ళీ ముద్రించడం ప్రారంభించింది. కొనేటప్పుడు బరువు, వ్యాసం (22.05 మిల్లీమీటర్లు), మందం మూడూ కొలవాలి. బంగారం కన్నా తేలికైన లోహంతో చేసినది బరువు సరిపెట్టాలంటే మందం పెరుగుతుంది, మందం సరిపెట్టాలంటే బరువు తగ్గుతుంది. అక్షరాల అంచులు మెత్తగా, సబ్బులా ఉంటే అది పోతపోసిన నకిలీ కావచ్చును.

అంచు మీది గీతలు, అక్షరాలు అలంకారం కోసం వచ్చినవి కావు. పూర్వం సుత్తితో కొట్టి చేసిన వెండి నాణేల అంచులను కత్తిరించి ఆ వెండిని కాజేసేవారు. 1662 నుండి యంత్రాలతో నాణేలు ముద్రిస్తూ అంచుకు గీతలు పెట్టడంతో కత్తిరింపు ఇట్టే బయటపడసాగింది. 1696 లో పాత నాణేలన్నిటినీ కరిగించి మళ్ళీ ముద్రించిన కాలంలో టంకశాల వార్డెనుగా చేరినవాడు ఐజాక్ న్యూటన్. 1699 నుండి మరణించేవరకు, అంటే 1727 వరకు, ఆయన దాని మాస్టరుగా ఉన్నాడు. వార్డెనుగా ఉన్నప్పుడు నకిలీ నాణేల ముఠాలను స్వయంగా పట్టించాడు.

శుభ్రపరచడం

నాణేలను శుభ్రపరచరాదు. ఈ అభిరుచిలో దాదాపు అందరూ ఏకీభవించే మాట ఇదొక్కటే. దీనికి కారణం ఏమిటో తెలియకపోవడం వలననే ఎక్కువ నాణేలు పాడవుతున్నాయి.

అచ్చుల మధ్య నలిగినప్పుడు లోహం కేంద్రం నుండి అంచులవైపు పారుతుంది. ఆ పారుదల వలన ఉపరితలంపై కంటికి కనబడని సన్నని గీతలు ఏర్పడతాయి. కొత్త నాణేన్ని వెలుతురులో తిప్పినప్పుడు చక్రంలా తిరిగే మెరుపు వీటి వలననే వస్తుంది. పాలిష్ పొడితోనో, టూత్‌పేస్టుతోనో, బూడిదతోనో రుద్దితే ఆ గీతలు చదునవుతాయి. నాణెం మెరుస్తుంది గాని అది వేరే మెరుపు, అద్దం మెరుపు. పోయిన గీతలు తిరిగి రావు. అనుభవమున్న వర్తకుడు దానిని చూడగానే పోల్చుకొంటాడు.

చింతపండు, నిమ్మకాయలతో రాగి, ఇత్తడి పాత్రలు తోమడం తెలుగువారి ఇళ్ళలో అలవాటు. పాత్రకు అది మంచిదే. పెన్నీకి అదే ప్రాణాంతకం. ఆమ్లం పైనున్న గోధుమరంగు పొరను, దానితోపాటు కొంత లోహాన్ని కరిగించివేస్తుంది. క్రింద బయటపడేది గులాబి రంగు పచ్చి లోహం. కొత్త పెన్నీ రంగు అది కాదు, కొద్ది వారాలలో అది మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది కూడా. ఆ గోధుమరంగు పొర మురికి కాదు, లోపలి లోహానికి రక్షణ కవచం.

కొన్ని నాణేల నలుపు టంకశాల చేసినదే. 1897 నుండి మొదటి ప్రపంచయుద్ధ కాలం వరకు ఫార్దింగులను అర సావరినుగా పొరబడకుండా నల్లగా చేసి విడుదల చేశారు. 1944-46 నాటి పెన్నీలను కూడా రసాయనంతో నల్లబరిచారు. వీటిని తోమి తెల్లబరచినవారు మురికిని కాదు, టంకశాల పనితనాన్నే తీసివేసినట్లు.

చేయదగినవి బహు కొద్ది. వదులుగా ఉన్న మట్టిని డిస్టిల్డు వాటరులో నానబెట్టి తీయవచ్చును. జిడ్డును, ప్లాస్టిక్ సంచుల వలన ఏర్పడిన ఆకుపచ్చని జిగురును స్వచ్ఛమైన అసిటోనులో ముంచి తొలగించవచ్చును. గోళ్ళ రంగు తుడిచే ద్రావకంలో ఇతర పదార్థాలు కలుస్తాయి కనుక అది పనికిరాదు. అసిటోను తేలికగా అంటుకొంటుంది, మంటకు దూరంగా, గాలి ఆడే చోట వాడాలి. రంగులు వేసిన నాణేలకు వాడరాదు. ఆరబెట్టేటప్పుడు మెత్తటి గుడ్డతో అద్దాలి, రుద్దరాదు. తవ్వి తీసిన రాగి, కంచు నాణేలపై లేత ఆకుపచ్చని పొడి రాలుతుంటే అది మామూలు చిలుము కాకపోవచ్చును. క్లోరైడుల వలన కలిగే ఈ తెగులును కంచు రోగం అంటారు. తేమ తగిలినకొద్దీ అది నాణేన్ని తినివేస్తుంది. అటువంటిదానిని పొడిగా విడిగా ఉంచి, నిపుణులకు చూపడమే మార్గం.

భద్రపరచడం

నాణేన్ని పట్టుకోవలసినది అంచుల వద్ద, రెండు వేళ్ళతో. చేతి చెమటలోని ఉప్పు, ఆమ్లం వలన కొన్నాళ్ళకు వేలిముద్ర నాణెంపై శాశ్వతంగా తేలుతుంది. చేయి జారినా దెబ్బ తగలకుండా క్రింద మెత్తటి గుడ్డ పరచుకోవాలి.

నాణేలకు పెద్ద శత్రువులు తేమ, గంధకం, ఆమ్లం, పి.వి.సి. ప్లాస్టిక్. మెత్తగా వంగే చవక ఆల్బములు చాలావరకు పి.వి.సి. తో చేసినవే. కొన్ని సంవత్సరాలకు దాని నుండి ఊరే ద్రవం రాగిపై ఆకుపచ్చని జిగురుగా ఏర్పడి క్రమంగా లోహాన్ని కొరుకుతుంది. కొత్తగా తెరచినప్పుడు ఘాటైన ప్లాస్టిక్ వాసన వేసే ఆల్బమును కొనకపోవడం మంచిది. మైలారు అనే పేరుతో దొరకే పాలిస్టరు పొరలు, గట్టి ఆక్రిలిక్ డిబ్బీలు నిరపాయకరం. ఆమ్లం లేని కాగితపు కవర్లు చవక, వాటిపై వివరాలు వ్రాసుకొనే వీలు కూడా ఉన్నది. అయితే నాణెం కనబడదు.

బ్రిటనులో సంప్రదాయకంగా వాడేది మహాగని చెక్కతో చేసిన చిన్న సొరుగుల బీరువా. ప్రతి సొరుగులో గుండ్రని గుంటలు, వాటిలో మెత్తటి గుడ్డ బిళ్ళలు ఉంటాయి. ఓక్ చెక్క నుండి ఆమ్లపు ఆవిరి వెలువడుతుంది కనుక దానిని వాడరు. రబ్బరు బ్యాండ్లు, వార్తాపత్రికల కాగితం, అట్టపెట్టెలు గంధకం వలన వెండిని నల్లబరుస్తాయి. నాణేలను ఒకే సంచిలో కలిపి పోస్తే ఒకదానినొకటి గీసుకొంటాయి, బరువైన క్రౌన్ల విషయంలో ఇది మరీ నష్టం.

చలి దేశపు ఇళ్ళలో అటకపైన, నేలమాళిగలలో చెమ్మ చేరుతుంది. ఆంధ్ర తీరప్రాంతంలో వర్షాకాలమంతా గాలిలోనే చెమ్మ ఉంటుంది, దానితోపాటు ఉప్పు కూడా. పెట్టెలో సిలికా జెల్ సంచులను ఉంచి, అవి రంగు మారినప్పుడు వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చును. బ్యాంకు లాకరులో పెట్టినా ఈ జాగ్రత్త తప్పదు.

ప్రతి నాణేనికీ సంవత్సరం, రకం, బరువు, ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు కొన్నదీ వ్రాసిన పట్టిక ఉండాలి, రెండువైపులా తీసిన ఫోటోలు ఉంటే మరీ మంచిది. పట్టిక లేని సేకరణ యజమాని మరణించిన తరువాత చాలాసార్లు తూకం లెక్కన కంసాలి కొట్టుకు చేరుతుంది. హాఫ్ క్రౌన్ల గుట్టలో 1905 ది ఏదో వారసులకు తెలియదు.

తెలుగునాట కనబడే నాణేలు

తెలుగు కుటుంబాలలో "బ్రిటిషు నాణేలు" గా పిలువబడేవి చాలావరకు బ్రిటిషు ఇండియా నాణేలు. విక్టోరియా, ఏడవ ఎడ్వర్డు, ఐదవ జార్జిల ముఖాలు ఉన్నా, రూపాయి, అణా, పైస అని ఉన్నవన్నీ భారతదేశంలో చెలామణీ కోసం ముద్రించినవి. వాటికి వేరే పట్టికలు, వేరే ధరలు ఉన్నాయి. లక్ష్మీపూజలో ఉంచే వెండి రూపాయలు ఈ కోవలోనివే. పసుపు కుంకుమల మధ్య తరతరాలుగా ఉండి, ఏటా కడగబడిన రూపాయికి సేకరణకర్త ఇచ్చే ధర తక్కువ. దానిని పూజించే ఇంటికి ఆ లెక్కతో పని లేదు.

అసలైన బ్రిటిషు నాణేలలో భారతదేశంతో నేరుగా ముడిపడినది సావరిను. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో రాయల్ మింట్ శాఖ ఒకటి బొంబాయిలో ఏర్పడి, 1918 లో మాత్రమే సుమారు 13 లక్షల సావరిన్లను ముద్రించింది. జార్జి డ్రాగనుల బొమ్మ క్రింద, నేలపై, తేదీకి పైన చిన్న ఐ అక్షరం ఉంటే అది బొంబాయిది. బంగారాన్ని ఎనిమిది గ్రాముల కాసుల లెక్కన కొనే అలవాటుకు సావరిను బరువు చాలా దగ్గరిది. పాత సావరిన్లకు కొక్కెం అతికించి హారాలలో గుచ్చినవి ఇప్పటికీ కనబడతాయి. కొక్కెం అతికించిన సావరినుకు బంగారం ధర వస్తుందే తప్ప నాణెం ధర రాదు. కరిగించే ముందు తేదీ, గుర్తు చూడడం మాత్రం వృథా కాదు.

ఈస్టిండియా కంపెనీ పేరుతో, హనుమంతుడు మొదలైన దేవతల బొమ్మలతో, 1818 వంటి తేదీలతో దొరకే రాగి బిళ్ళలు కంపెనీ నాణేలు కావు. అవి తీర్థస్థలాల వద్ద అమ్మిన బిళ్ళలు, వాటి అనుకరణలు. ఇటువంటి వాటికే బియ్యాన్ని ఆకర్షించే శక్తి ఉన్నదని, కోట్లు పలుకుతాయని చెప్పే "రైస్ పుల్లింగ్" మోసాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అనేకులు లక్షలు పోగొట్టుకొన్నారు. రాగి గాని, మరే నాణెపు లోహం గాని బియ్యాన్ని ఆకర్షించదు. పరీక్షకు ముందుగా డబ్బు కట్టమని అడిగే కొనుగోలుదారు నాణేల వర్తకుడు కాడు.

చట్టపరమైన విషయాలు

ఇంగ్లాండు, వేల్సులలో 1996 నాటి నిధుల చట్టం ప్రకారం, 300 సంవత్సరాలు దాటిన బంగారు, వెండి నాణేలు రెండు గాని అంతకు మించి గాని ఒకేచోట దొరికితే 14 రోజులలోగా అధికారులకు తెలుపవలసి ఉంటుంది. మ్యూజియము వాటిని తీసుకొంటే సాధారణంగా ప్రతిఫలం లభిస్తుంది. బ్రిటనులో చెలామణీ హోదా ఉన్న సావరిన్ల అమ్మకంపై వచ్చే లాభానికి అక్కడి మూలధన లాభాల పన్ను వర్తించదు.

భారతదేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరు సంవత్సరాలు దాటిన నాణెం పురావస్తువు అవుతుంది. అటువంటి వాటిని వ్యక్తులు దేశం వెలుపలికి ఎగుమతి చేయరాదు. విదేశాలలో ఉన్న బంధువులకు తాతగారి సావరిన్లను పంపదలచినవారు ముందుగా వాటి తేదీలు చూసుకోవలసి ఉంటుంది.